చీటీ చివర డాక్టరు రాసే ఆ ఒక్క లైను

విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక మెడికల్ షాపు పైన, మొదటి అంతస్తులో నా గది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో ఒక మందుల చీటీ ఉంటుంది. గాజువాకలోనో, గోపాలపట్నంలోనో, పెందుర్తిలోనో వాళ్ళ ఫ్యామిలీ డాక్టరు రాసిచ్చినది. గ్యాస్ మాత్ర, విటమిన్ మాత్ర, వాటి కింద మూలగా ఒక లైను: సైకాలజిస్టుని కలవండి. కొన్నిటి మీద నా ఫోన్ నంబరు ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు.

ఆ ఒక్క లైను గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. మన దేశంలో సైకాలజిస్టు దగ్గరికి రావడానికి ఎవరి చీటీ అక్కర్లేదు. ఎవరైనా నేరుగా ఫోన్ చేసి రావచ్చు. అయినా నా దగ్గరికి ఎక్కువమంది చీటీతోనే వస్తారు. దిగులుగా ఉందని మన ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు తక్కువ. గుండె దడ అని వెళ్తారు, కడుపులో మంట అని వెళ్తారు, ఒళ్ళంతా లాగేస్తోందనీ తల బరువుగా ఉందనీ వెళ్తారు. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్తారు. ఆ చీటీ ఇచ్చేటప్పుడు ఆయన ఏం చెప్పారన్న దాన్ని బట్టే, ఆ మనిషి నా మెట్లెక్కుతారా లేక కాగితాన్ని బీరువాలో పడేస్తారా అన్నది తేలిపోతుంది.

ఇక్కడ చెప్పే మనుషుల ఊళ్ళూ ఉద్యోగాలూ మార్చాను, ఇద్దరు ముగ్గురి సంగతులు ఒకరిలో కలిపాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు ఉండకూడదని.

గాజువాక నుంచి ఒకావిడ వచ్చారు. భర్తది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆయన నైట్ షిఫ్టుకి వెళ్ళిన రాత్రుల్లో ఆవిడకి ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, అరచేతులు చల్లబడిపోయేవి, ఊపిరి అందేది కాదు. చచ్చిపోతానేమో అన్న భయంతో పక్కింటివాళ్ళ తలుపు కొట్టేవారు. ఈసీజీ తీయించారు, టూడీ ఎకో చేయించారు, అన్నీ నార్మల్. పరీక్షలు చేసినచోట "మీకేమీ లేదమ్మా, ఉట్టి టెన్షన్" అని పంపించేశారు. ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. నాతో అన్నారు: "ఏటీ లేకపోతే నాకెందుకిలాగవుతాది మేడమ్? నేనేటి నాటకాలాడతన్నానా? మా అత్త అదే అంటాది."

ఆ రిపోర్టులన్నీ పట్టుకుని ఆవిడ తమ కాలనీలోని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. పిల్లలిద్దరికీ జ్వరం వచ్చినా, అత్తగారికి షుగరు పెరిగినా వెళ్ళేది ఆయన దగ్గరికే. ఆయన రిపోర్టులన్నీ ఒక్కొక్కటే తిరగేసి ఇలా చెప్పారట: "అమ్మా, నీ గుండె దడ నిజమే. నువ్వు కల్పించుకున్నది కాదు. గుండెకి జబ్బు లేదు, అది మంచి సంగతి. దొంగ రాకపోయినా కుక్క మొరిగినట్టు నీ ఒళ్ళు ఊరికే భయపడిపోతోంది. దాన్ని తగ్గించుకోవడం నేర్పేవాళ్ళున్నారు. నువ్వు వెళ్ళి కలువు. పదిహేను రోజుల తరవాత మళ్ళీ నా దగ్గరికి రా, ఎలా ఉందో నాకు చెప్పాలి."

ఈ మాటలు నాకు ఆవిడే చెప్పారు, దాదాపు అక్షరం పొల్లు పోకుండా. అంత గుర్తుందంటే అవి ఎంత అవసరమైన మాటలో చూడండి. మీ బాధ నిజం అన్నారు. పిచ్చి అనలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మళ్ళీ నా దగ్గరికి రా అన్నారు. నా దగ్గరికి మొదటిసారి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మనసులో ఉండేది ఒకటే అనుమానం: డాక్టరు గారికి నా మీద విసుగొచ్చింది, అందుకే ఇటు తోసేశారు. తిరిగి రమ్మని ఒక తేదీ చెబితే ఆ అనుమానం అక్కడే పోతుంది. దానికి పట్టే సమయం అర నిమిషం. సాయంత్రం ఓపీలో బయట బెంచీలన్నీ నిండిపోయి ఉంటాయి, డాక్టర్లకి ఊపిరి సలపదు, అది నేను కళ్ళారా చూశాను. అయినా ఆ అర నిమిషం కోసం ప్రతి డాక్టరుకీ దండం పెట్టి అడగాలనిపిస్తుంది.

ఆ డాక్టరు గారు ఇంకో పని కూడా చేశారు. ఆవిడ ఎదురుగానే నాకు ఫోన్ చేశారు. "మేడమ్, మా అమ్మాయి లాంటిది, పంపిస్తున్నాను" అన్నారు. ఆవిడ వచ్చేసరికి నేను కొత్త మనిషిని కాను.

ఇక చీటీ రాయడానికి ముందు డాక్టరు చేయాల్సిన పని ఒకటుంది, అది నేను చేయలేనిది. థైరాయిడ్ తక్కువగా ఉంటే నీరసం, దిగులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. ఎక్కువగా ఉంటే దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం. రక్తం తక్కువైనా దడే. బీ12 తగ్గితే నీరసం, మతిమరుపు. ఇవేవీ చూడకుండా మనిషిని నా దగ్గరికి పంపితే, నేను వారం వారం కూర్చోబెట్టి మాట్లాడినా థైరాయిడ్ సమస్య తగ్గదు. అందుకే రక్త పరీక్షల్లేకుండా దడ అనో నీరసం అనో వచ్చినవాళ్ళని నేను ముందు వాళ్ళ డాక్టరు దగ్గరికే తిప్పి పంపుతాను, ఫలానా పరీక్షలు చూడండని రాసి. కొందరు నొచ్చుకుంటారు, ఇంత దూరం వచ్చాం కదా మేడమ్ అని. అయినా ఈ విషయంలో నేను పట్టు వదలను.

గోపాలపట్నం వైపు ఒక డాక్టరు గారు తమ క్లినిక్కులో తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం పెట్టుకున్నారు. పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన 2 వారాల్లో ఆసక్తి తగ్గిందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అంటూ 9 ప్రశ్నలు. ఒక్కో దానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మామూలుగా 10 గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ ఉందేమోనని గట్టిగా చూడాలి. ఇది జబ్బును తేల్చి చెప్పే పరీక్ష కాదు, మాట మొదలుపెట్టడానికి ఒక దారి. నర్సమ్మ బీపీ చూసేటప్పుడే ఆ కాగితం చేతికిస్తుంది. చదువు రానివాళ్ళకి పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. నోటితో చెప్పడానికి సిగ్గుపడే విషయాన్ని మనుషులు కాగితం మీద టిక్కు పెట్టి చెప్పేస్తారు.

ఆ కాగితంలో 9వ ప్రశ్న చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనల గురించి. పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన భార్య పోయాక నిద్రమాత్రల కోసం ఈ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. కాగితంలో ఆ ప్రశ్న దగ్గర టిక్కు చూసి, డాక్టరు గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని సూటిగా అడిగారు: "బాబాయ్ గారూ, ప్రాణం తీసుకోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించారా?" పెద్దాయన ఏడ్చేశారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అది నిజం కాదు. అడిగితే మనిషికి బరువు దిగుతుంది. ఆ పెద్దాయనని నా దగ్గరికి పంపలేదు. కొడుకుని పిలిపించి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసేయమని చెప్పి, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. మందులతో కాస్త తేరుకున్నాక నా దగ్గరికి వచ్చారు. అదే సరైన వరస.

సైకియాట్రిస్టు ఎవరు, సైకాలజిస్టు ఎవరు అన్నది చదువుకున్నవాళ్ళు కూడా నన్ను అడుగుతారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తరవాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు, మందులు రాస్తారు. నేను మందులు రాయను, రాయకూడదు. ఎవరికీ వినబడని మాటలు వినబడుతున్నా, రోజుల తరబడి నిద్రపోకుండా విపరీతమైన హుషారుతో డబ్బు తగలేస్తున్నా, తిండి మానేసి మంచం దిగకపోయినా, చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నా, ముందు సైకియాట్రిస్టే. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది, వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వాల్తేరు పేరు చెబితే ఇప్పటికీ మనవాళ్ళు బెదిరిపోతారు. పిల్లలు ఒకరినొకరు ఆ పేరు చెప్పి వెక్కిరించుకునే ఊళ్ళో పెరిగాను నేను. అక్కడ ఓపీలో చూపించుకుని మందులు రాయించుకుని అదే రోజు ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు ఎందరో ఉన్నారని ఫ్యామిలీ డాక్టరు చెబితే జనం నమ్ముతారు, నేను చెబితే అంతగా నమ్మరు.

బోర్డు మీద కౌన్సెలర్ అని ఉన్న ప్రతిచోటికీ పంపడం మాత్రం సరికాదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆర్‌సీఐ నంబరు ఏదండీ అని అడగడం మీ హక్కు. నన్ను అడిగితే నేను సంతోషిస్తాను.

మంచి చీటీ ఎలా ఉంటుందో చెబుతాను. గాజువాక డాక్టరు గారి కాగితం చాలా చిన్నది, ఇంగ్లీషులో నాలుగు లైన్లు. సారాంశం ఇది: ఎప్పటినుంచి దడ వస్తోంది, ఈసీజీ ఎకో థైరాయిడ్ రక్తం అన్నీ బాగున్నాయి, రాత్రిపూట ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) 0.25 వాడుతోంది, వేరేచోట మొదలుపెట్టారు, క్రమంగా మాన్పించాలనుకుంటున్నాను. ఇవి పానిక్ అటాక్‌లని (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం) నా అనుమానం, మీరు చూసి చెప్పండి, మందు తగ్గించే వేగం గురించి మాట్లాడుకుందాం. పేషెంటుకి ఏం చెప్పి పంపారో కూడా రాశారు. ఉట్టిగా కౌన్సెలింగ్ చేయండి అని రాస్తే నాకేమీ అర్థం కాదు. ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగారు, దానికి నేను జవాబివ్వాలి.

ఆల్ప్రజోలం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. షాపులో ఊరికే ఇవ్వకూడని మందు అది, డాక్టరు చీటీ ఉండాలి. అయినా పాత చీటీ చూపించో, ఆర్ఎంపీ చేతిమీదుగానో నెలల తరబడి వాడేవాళ్ళని చూస్తున్నాను. ఆ పూటకి హాయిగానే ఉంటుంది. కానీ రోజులు గడిచేకొద్దీ ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుంది. నా దగ్గర కొంచెం ధైర్యం వచ్చాక కొందరు "మేడమ్, నిన్నటి నుంచి మాత్ర మానేశాను" అని ఆనందంగా చెబుతారు. నాకు గుండె జారిపోతుంది. అలవాటైన మాత్రని ఒక్కసారిగా ఆపితే దడ, వణుకు, నిద్రలేమి రెట్టింపై వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఎంత తగ్గించాలన్నది డాక్టరు చెప్పాలి. సైకాలజిస్టూ డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని నేను ఇంత గట్టిగా అనడానికి ఇదే పెద్ద కారణం.

గాజువాక ఆవిడతో చేసిన పని సీబీటీ, అంటే ఆలోచనల తీరునీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టరు డిప్రెషన్ కోసం మొదలుపెట్టిన పద్ధతి, తరవాత భయాలకీ పానిక్‌కీ చాలామంది దాన్ని మలిచారు. వారానికి ఒకసారి, ముప్పావు గంట నుంచి గంట. మామూలుగా 12 నుంచి 20 సార్లు పట్టవచ్చు. ఊరికే ఓదార్చడం కాదు. గుండె వేగం పెరగగానే ఆవిడకి వచ్చే మొదటి ఆలోచన "పోతున్నాను" అని. ఆ ఆలోచనతో భయం, భయంతో ఇంకా దడ. ఈ చక్రాన్ని కాగితం మీద గీసి ఇద్దరం చూశాం. పానిక్ అటాక్ నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరి తరవాత తగ్గుతుందని ఆవిడే గడియారం పెట్టుకుని గమనించారు. ఆ తరవాత కావాలనే దడ తెప్పించుకోవడం. గుండెకి జబ్బు లేదని డాక్టరు రాసి ఇచ్చారు కాబట్టే నేను ఆ పని ధైర్యంగా చేయించగలిగాను. మా బిల్డింగు మెట్లు గబగబా ఎక్కి దిగడం, ఉన్నచోటే పరుగు. మొదటిసారి రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. "ఆపేద్దామా?" అన్నాను. "వొద్దు మేడమ్, ఉండండి" అన్నారు.

దడ వస్తుందన్న భయంతో ఆవిడ ఎన్నో మానేశారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సెక్కడం మానేశారు, తలుపు దగ్గర సీటు దొరికితేనే ఎక్కేవారు. సింహాచలం అప్పన్న కొండ మెట్లు ఎక్కడం మానేశారు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ ఏటా చేసే ఇల్లు అది, 32 కిలోమీటర్ల నడక. అందరినీ పంపి ఆవిడ ఇంట్లో కూర్చునేవారు. మీకేం కావాలి అని మొదటి రోజు అడిగితే "దడ పోవాలి" అన్నారు. కొన్నాళ్ళు పోయాక అదే ప్రశ్నకి "అప్పన్న మెట్లెక్కాలి" అన్నారు. భర్త వీక్లీ ఆఫ్ రోజు ఇద్దరూ వెళ్ళారు. మధ్యలో దడ వచ్చింది. కూర్చోలేదట, నెమ్మదిగా ఎక్కుతూనే ఉన్నారట. ఆ వారం ఆవిడ గదిలోకి వచ్చిన తీరే వేరు.

ఆ సంగతి నేను డాక్టరు గారికి రాశాను. కానీ అన్నీ రాయలేదు. ఇది మనలాంటి ఊళ్ళలో సున్నితమైన విషయం. ఆ డాక్టరు గారే అత్తగారికి షుగరు చూస్తారు, భర్తకి బీపీ చూస్తారు. అత్తగారు మందుల కోసం వెళ్ళినప్పుడు "ఆ మేడమ్ దగ్గర మా కోడలు ఏటి చెప్పిందండీ?" అని అడిగారట. "నాకూ తెలియదమ్మా" అన్నారట ఆయన. అది అక్షరాలా నిజం. నేను రాసేది సమస్య ఏమిటి, ఏం చేస్తున్నాం, ఎంత మెరుగుపడింది, ప్రాణానికి ప్రమాదం ఉందా లేదా, మందు సంగతి. ఇంట్లో ఎవరు ఎవరిని ఏమన్నారు అన్నది నా గది దాటదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం తప్పనిసరిగా చెప్పాలి, ఆ సంగతి మొదటి రోజే చెప్పేస్తాను.

మధురవాడ వైపు చదువుతున్న ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పరీక్షలు దగ్గరపడితే చాలు కడుపునొప్పితో బాత్రూమ్ వదిలేవాడు కాదు. స్కానింగులన్నీ బాగున్నాయి. వాళ్ళ డాక్టరమ్మ గారు చేసిన మంచి పని, తల్లిదండ్రులని కాసేపు బయట కూర్చోమని చెప్పి వాడితో ఒంటరిగా మాట్లాడటం. బ్యాక్‌లాగ్స్, అంటే తప్పిన సబ్జెక్టులు, ఉన్నాయన్న సంగతి అప్పుడు బయటపడింది. చీటీ వాడి చేతికే ఇచ్చారు, నాన్న చేతికి కాదు. తన పనిగా వచ్చాడు వాడు.

మా అన్నయ్య కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ ఫ్యామిలీ డాక్టరు పేషెంటుతో కూర్చుని మానసిక చికిత్స ప్రణాళిక ఒకటి రాస్తారు. దాంతో ఏడాదికి 10 సార్లు సైకాలజిస్టుని కలవడానికి అయ్యే ఖర్చులో కొంత అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ తిరిగి ఇస్తుంది. తను మొదట 6 సార్లు వెళ్ళాక మళ్ళీ తన డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎలా ఉందో చూపించుకుని, మిగతావి వాడుకుంది. ఇంగ్లండులో అయితే డాక్టరు చీటీ లేకుండా కూడా ప్రభుత్వ టాకింగ్ థెరపీకి, అంటే మాటల చికిత్సకి, పేరు ఇచ్చుకోవచ్చు. డబ్బు సంగతి అలా ఉంచితే, మధ్యలో తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్ళే ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. దానికి మనకి పెద్ద పథకాలేవీ అక్కర్లేదు.

డబ్బు మాత్రం నిజంగా అడ్డే. వారం వారం ఫీజు, గాజువాక నుంచి రానూపోనూ ఛార్జీలు, పోయిన పూట కూలి. మానసిక జబ్బులకి కూడా ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం చెబుతోంది, కానీ చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు వస్తుంది, ఇలా వచ్చి మాట్లాడి వెళ్ళేదానికి రాదు. అందుకని కొందరికి రెండు వారాలకోసారి పెట్టుకుంటాను, మధ్యలో ఇంట్లో చేయాల్సినవి రాసి ఇస్తాను. అదీ కుదరనివాళ్ళకి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చెబుతాను. రాత్రిళ్ళు ఎవరూ దొరకనప్పుడు 14416కి ఫోన్ చేయమంటాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నాకు తెలిసిన ఒక డాక్టరు గారు ఆ నంబరుని రబ్బరు స్టాంపుగా చేయించి అవసరమైన చీటీల మీద వేస్తున్నారు.

మీ డాక్టరు మీకు అలాంటి చీటీ ఇస్తే, కుర్చీలోంచి లేచే ముందు ఆయన్ని అడగండి: ఎవరి దగ్గరికి, ఎందుకు పంపుతున్నారు, మళ్ళీ మీ దగ్గరికి ఎప్పుడు రావాలి. ఆయన చెప్పకపోతే మీరే తేదీ అడిగి రాయించుకోండి. వచ్చేటప్పుడు రిపోర్టుల ఫైలు తెచ్చుకోండి. వాడుతున్న మందులన్నీ తెచ్చుకోండి, ఆయుర్వేదం, హోమియో, ఎవరో ఇచ్చిన నిద్రమాత్రతో సహా. పేర్లు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్పు తెచ్చినా చాలు.